నైడార్ఫ్ ప్రపంచ విజేత ఎందుకు కాలేదు?

మీరు మూడు సంగతులు అడిగారు. మీ అబ్బాయి చదరంగంలో నల్లపావులతో ఆట మొదలుపెట్టే సిసిలియన్ విధానానికి పేరిచ్చిన మిగెల్ నైడార్ఫ్ ఎవరన్నది మొదటిది. ఆయన బోర్డు చూడకుండా నలభై ఐదు మందితో ఒకేసారి ఆడింది, తాను బతికే ఉన్నానని కుటుంబానికి కబురు పంపడానికేనన్న కథ నిజమేనా అన్నది రెండోది. అంతటి ఆటగాడు ప్రపంచ విజేత ఎందుకు కాలేదు, రెండో ప్రపంచ యుద్ధమే ఆయన ఆటను పాడుచేసిందా అన్నది మూడోది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చదరంగం నేర్పుతూ, ఆయన ఆటలను ఎన్నోసార్లు బోర్డు మీద పేర్చి చూసినవాడిగా నాకు తెలిసినంతవరకు రాస్తాను. మూడో ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను: యుద్ధం ఆయన కుటుంబాన్ని మింగేసింది గాని ఆటను మింగలేకపోయింది, ఆటకు అడ్డం వచ్చినవి యుద్ధం ముగిశాక అంతర్జాతీయ చదరంగంలో ఏర్పడిన పరిస్థితులు, వాటితోపాటు ఆయన ఎంచుకున్న బతుకుతెరువు.

ముందు పేరు సంగతి. మన చదరంగ శిక్షణ శిబిరాల్లో పిల్లలు ‘నజ్డార్ఫ్’ అంటుంటారు. పోలిష్ భాషలో ‘j’ అక్షరాన్ని ‘య’గా పలుకుతారు కనుక నైడార్ఫ్ అనడమే సరి. ఆయన 1910 ఏప్రిల్ 15న వార్సాకు దగ్గరలోని గ్రోజిస్క్ మజోవియెట్స్కి అనే పట్టణంలో, అప్పటికి రష్యా సామ్రాజ్యంలో భాగంగా ఉన్న పోలండ్‌లో, యూదు కుటుంబంలో పుట్టారు. అప్పటి పేరు మియెచిస్వావ్. మిగెల్ అన్నది అర్జెంటీనా వెళ్ళాక పెట్టుకున్న పేరు. ఆ రోజుల్లో వార్సా, లోజ్ నగరాల కాఫీ హోటళ్ళలో చదరంగం ఎంత ముమ్మరంగా సాగేదంటే, ఆ ఆటగాళ్ళలో యూదులు ఎంత ఎక్కువగా ఉండేవారంటే, ఆనాటి పోలండ్ జట్టు అంటే చాలావరకు యూదు జట్టే. సావియెలీ తార్తకోవర్‌ను ఆయన జీవితాంతం గురువుగానే చెప్పుకున్నారు, దావిద్ ప్షెపియుర్కా దగ్గర కూడా నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో వార్సాలో గ్లుక్స్‌బర్గ్ అనే ఆటగాడి మీద నల్లపావులతో డచ్ రక్షణ ఆడుతూ, రెండు గుర్రాలను, రెండు బిషప్‌లను ఒకదాని వెంట ఒకటి బలిచ్చి, చివరకు బంటుతో రాజును కట్టేసిన ఆట ఒకటుంది. దాన్నే ‘పోలిష్ అమర క్రీడ’ అంటారు. తొలి దశలో ఆయన ఎలాంటి ఆటగాడో చెప్పడానికి ఆ ఒక్క ఆట చాలు. 1935లో సొంత నగరం వార్సాలోను, 1937లో స్టాక్‌హోమ్‌లోను జరిగిన, దేశాల జట్లు తలపడే ఒలింపియాడ్‌లలో కాంస్యం గెలిచిన పోలండ్ జట్లలో ఆయన ఉన్నారు.

1939 ఒలింపియాడ్ బ్యూనస్ ఐర్స్‌లో పెట్టారు. ఐరోపా జట్లలో చాలామంది ‘పిరియాపోలిస్’ అనే బెల్జియం ఓడ ఎక్కి అట్లాంటిక్ దాటారు. ఆగస్టులో పోటీలు మొదలయ్యాయి, సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. ఆటగాళ్ళు ఉన్నది ఏడు సముద్రాల అవతల, ఇళ్ళున్నది యుద్ధం మధ్య. ఇంగ్లండ్ జట్టు పోటీని వదిలి వెంటనే ఇంటిదారి పట్టింది. మిగతావారు ఆడుతూ పోయారు. జర్మనీ, పోలండ్ జట్లు ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చినప్పుడు ఆడకుండానే 2–2గా రాసుకున్నారు, పాలస్తీనా జట్టుకు జర్మనీతో జరగవలసిన ఆట కూడా అలాగే ముగిసింది. సెప్టెంబరు 19న పోటీ ముగిసేసరికి జర్మనీకి 36 పాయింట్లు, పోలండ్‌కు 35.5. అర పాయింటు తేడాతో స్వర్ణం చేజారింది. రెండో బోర్డు మీద, అంటే జట్లలోని రెండో ఆటగాళ్ళలో, అందరికన్నా మెరుగైన ఫలితం సాధించి నైడార్ఫ్ వ్యక్తిగత స్వర్ణం అందుకున్నారు గాని, ఆ పతకం పట్టుకుని వెళ్ళడానికి ఇల్లే లేకుండా పోయింది.

అక్కడ చిక్కుకున్నది ఆయన ఒక్కరే కాదు. పాలస్తీనా నుంచి వచ్చిన మోషే చెర్నియాక్ 1950 వరకు అర్జెంటీనాలో ఉండిపోయారు, స్వీడన్ ఆటగాడు గిదియోన్ స్టాల్‌బెర్గ్ 1948 వరకు ఉన్నారు. విజేత జర్మన్ జట్టులోని ఐదుగురూ దక్షిణ అమెరికాలోనే ఆగిపోయారన్నది చాలామందికి తెలియని విషయం. పోలండ్ జట్టువాడే అయిన పౌలినో ఫ్రిడ్‌మన్ బ్యూనస్ ఐర్స్‌లో రెక్స్ అనే కాఫీ హోటల్లోని చదరంగపు గదిని నడుపుతూ కాలం వెళ్ళదీశారు. తార్తకోవర్ మాత్రం తిరిగి ఐరోపా వెళ్ళి, యాభై దాటిన వయసులో స్వతంత్ర ఫ్రెంచి దళాల్లో చేరారు. వార్సాలోనే ఉండిపోయిన ప్షెపియుర్కాను 1940లో నాజీలు చంపేశారు. ఒకే జట్టు, ఒకే కాఫీ హోటలు మనుషులు ఎవరెవరి రాత ఎటు తిరిగిందో చూస్తే, నైడార్ఫ్ బతకడంలో ఆయన తెలివి కన్నా ఆ ఓడ ప్రయాణపు తేదీకే ఎక్కువ భాగముందని ఒప్పుకోక తప్పదు. భార్య, బిడ్డ, తల్లిదండ్రులు, నలుగురు సోదరులు పోలండ్‌లో ఉండిపోయారు. వారిలో ఒక్కరూ మిగలలేదు.

ఇక బోర్డు చూడకుండా ఆడిన ప్రదర్శనల సంగతి. ‘కళ్ళకు గంతలు’ అన్నది మాటవరసకే. ఆటగాడు బోర్డులకు వీపు పెట్టి కూర్చుంటాడు, ప్రత్యర్థి ఎత్తును మరొకరు చదివి వినిపిస్తారు, అతడు జవాబు ఎత్తు చెబుతాడు, పక్క బోర్డుకు వెళతారు. అవధానం చూసిన తెలుగువారికి ఇది ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. పృచ్ఛకులు వరుసగా అడుగుతూ పోవడం, అవధాని ఒక్కొక్కరి పద్యం ఎక్కడ ఆగిందో మనసులో పెట్టుకుని తర్వాతి పాదం అందించడం మనం ఎరిగినవే. పాత అష్టావధానాల్లో చదరంగం ఒక అంశంగా ఉండేదన్నదీ మీకు తెలిసే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పృచ్ఛకుడు అవధానిని ఓడించడానికే కూర్చుంటాడు. సాధారణంగా ఇలాంటి ప్రదర్శనలు చేసేవారు బోర్డులను గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపులో ఒక్కో ఆరంభం ఆడతారు. అలా చేస్తే తొలి ఎత్తుల్లో బోర్డులు ఒకదానితో ఒకటి కలిసిపోవు. ఇరవై ఎత్తులు దాటాక ప్రతి బోర్డుకూ దాని సొంత ముఖం ఏర్పడుతుంది, గుర్తుపెట్టుకోవడం అప్పుడు తేలికవుతుంది. పిల్లలకు నేను ఇదే చెబుతుంటాను: గుర్తుండేది పావుల జాబితా కాదు, ఆ ఆటలోని తగవు.

1937లో బెల్జియం ఆటగాడు కోల్టనోవ్‌స్కీ ఎడిన్‌బరోలో 34 బోర్డులు ఆడి నెలకొల్పిన రికార్డును నైడార్ఫ్ 1943లో అర్జెంటీనాలోని రోసారియో నగరంలో 40 బోర్డులు ఆడి దాటారు: 36 గెలుపులు, ఒక డ్రా, మూడు ఓటములు. 1947 జనవరిలో బ్రెజిల్‌లోని సావో పాలోలో 45 బోర్డులు ఆడి దాన్నీ దాటారు. సాయంత్రం ఎనిమిదికి మొదలైన ఆట మర్నాటి సాయంత్రం ఏడున్నరకు గాని ముగియలేదు. ఫలితం 39 గెలుపులు, నాలుగు డ్రాలు, రెండు ఓటములు. దీన్ని దాటాలనే ప్రయత్నాలు తర్వాత చాలా జరిగాయి. 2011లో జర్మనీకి చెందిన మార్క్ లాంగ్ 46 బోర్డులు, 2016లో తైమూర్ గరేయెవ్ 48 బోర్డులు ఆడారు.

తన రికార్డుల వార్త పోలండ్, జర్మనీ, రష్యా పత్రికల్లో వస్తే తన వాళ్ళలో ఎవరైనా చూసి తన జాడ తెలుసుకుంటారేమోనన్న ఆశతో ఆ ప్రదర్శనలు చేశానని నైడార్ఫ్ స్వయంగా తర్వాతి కాలంలో చెప్పారు. కాబట్టి కథ కల్పితం కాదు. అయితే ఇప్పుడు చెప్పుకుంటున్న తీరులో రెండు పొరపాట్లున్నాయి. 1942 వేసవిలోనే, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా గెట్టో నుంచి రెండున్నర లక్షలకు పైగా మందిని ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించి చంపేశారు, 1943 మే నాటికి ఆ గెట్టోనే నేలమట్టం చేశారు. కనుక రోసారియో వార్త చేరవలసిన చోట దాన్ని చదివేవారు అప్పటికే లేరు, నాజీల ఏలుబడిలోని పత్రికలు ఒక యూదు ఆటగాడి ఘనతను అచ్చువేస్తాయనుకోవడానికీ వీల్లేదు. ఈ సంగతి దూరాన ఉన్న ఆయనకు అప్పుడు తెలిసే దారి లేదు, ఆ ఆశ ఆయన వరకు నిజమే. ఇక 1947 ప్రదర్శన నాటికి ఆయన యుద్ధానంతర ఐరోపాకు వెళ్ళి ఆడి వచ్చారు, జాడ కోసం వెతకడానికి వేరే దారులు అప్పటికి తెరుచుకున్నాయి. అందుకే రెండోసారి 45 బోర్డులకు కూర్చోవడంలో మిగిలిన కొద్దిపాటి ఆశతోపాటు, తన రికార్డును తానే దాటాలన్న ఆటగాడి పంతం కూడా ఉందని నేననుకుంటాను. కన్నీటి కథగా మార్చడానికి ఆ పంతాన్ని తీసేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. నైడార్ఫ్ ప్రదర్శన అంటే ఇష్టపడే మనిషి, గట్టిగా మాట్లాడే మనిషి, ఆట మధ్యలోనే చుట్టుపక్కలవారిని అభిప్రాయం అడిగే మనిషి.

మూడో ప్రశ్నకు వస్తాను. 1944లో ఆయన అర్జెంటీనా పౌరసత్వం తీసుకున్నారు. బీమా వ్యాపారంలో దిగి చాలా సంపాదించారు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఐరోపాలో పెద్ద పోటీలు చాలావరకు నిలిచిపోయిన ఆ ఏళ్ళలో బ్యూనస్ ఐర్స్, మార్ దెల్ ప్లాతా పోటీలు వలస వచ్చిన ఆటగాళ్ళతో కళకళలాడాయి. అందుచేత ఆయన ఆట తుప్పు పట్టలేదు, పైగా పదునెక్కింది. ఇదే చాలామంది గమనించరు. 1946లో హాలండ్‌లోని గ్రోనింగెన్‌లో ఆడినప్పుడు ఆయన ఆ పోటీ విజేత, సోవియట్ ఆటగాడు బోత్విన్నిక్‌ను ఓడించారు. అదే ఏడాది ప్రాగ్ పోటీలో మొదటి స్థానం ఆయనదే.

సరిగ్గా అప్పుడే, ప్రపంచ విజేతగానే అలెఖైన్ చనిపోవడంతో కిరీటం ఖాళీ అయింది. వారసుడిని తేల్చడానికి 1948లో హేగ్, మాస్కోలలో జరపబోయే పోటీకి ముందుగా పేర్లు నిర్ణయించిన ఆటగాళ్ళతోపాటు గ్రోనింగెన్ లేదా ప్రాగ్ పోటీ విజేతకు చోటివ్వాలన్న ప్రతిపాదన ఉండేది. గ్రోనింగెన్ గెలిచిన బోత్విన్నిక్ ఎలాగూ జాబితాలో ఉన్నారు, ప్రాగ్ గెలిచింది నైడార్ఫ్. అయినా ఆ చోటు ఆయనకు రాలేదు. తర్వాత అమెరికా ఆటగాడు ఫైన్ తప్పుకుని ఒక స్థానం ఖాళీ అయినా దాన్ని భర్తీ చేయకుండా ఐదుగురితోనే ఆడించారు. అక్కడ ఆడి ఉంటే గెలిచేవారని నేననను, బోత్విన్నిక్ అప్పుడు అందరికన్నా ఒక మెట్టు పైనే ఉన్నారు. కాని ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, తన ఆట శిఖరాన ఉన్నప్పుడు, తలుపు దాకా వెళ్ళి బయట నిలబడవలసి రావడం చిన్న దెబ్బ కాదు.

ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన క్రమం ప్రకారం అర్హత పోటీలు ఆడారు. 1950లో మొదటిసారి గ్రాండ్‌మాస్టర్ బిరుదులిచ్చినప్పుడు ఆ 27 మందిలో ఆయన ఒకరు. అదే ఏడాది, ప్రపంచ విజేతతో తలపడే ఆటగాణ్ణి తేల్చే బుడాపెస్ట్ క్యాండిడేట్స్‌ పోటీలో ఐదో స్థానం వచ్చింది. ఆయన పైనున్న నలుగురూ సోవియట్ ఆటగాళ్ళే. కొద్ది నెలలకే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇరవై మంది ఆడిన పోటీని అమెరికా ఆటగాడు రెషెవ్‌స్కీ కన్నా ఒక పాయింటు ముందు నిలిచి గెలిచారు. 1953 జ్యూరిక్ క్యాండిడేట్స్‌లో పదిహేను మంది ఆడితే తొమ్మిది మంది సోవియట్ ఆటగాళ్ళు. నైడార్ఫ్ గెల్లర్‌తో కలిసి ఆరు, ఏడు స్థానాలు పంచుకున్నారు. అంతకు మించి ఆ మెట్టు ఎక్కలేదు. సోవియట్ ఆటగాడికి రాజ్యం జీతమిచ్చేది, శిక్షకులనిచ్చేది, శిబిరాలు పెట్టి కొత్త ఎత్తులను కలిసి వెతికించేది. నైడార్ఫ్ బీమా కార్యాలయం తాళం వేసి ఓడో విమానమో ఎక్కి వచ్చి ఆడేవారు. ఆయన ఆరంభాలను ఇంట్లో కూర్చుని తవ్వే మనిషి కాదు, బోర్డు ముందు కూర్చున్నాక వెలిగే మనిషి. సోవియట్ కూటమి బయట ఎవరు మేటి అని తేల్చడానికి 1952లో, 1953లో రెషెవ్‌స్కీతో రెండు సుదీర్ఘ మ్యాచ్‌లు ఆడి 7–11తో, 8.5–9.5తో ఓడిపోయారు. ఆ రెషెవ్‌స్కీ కూడా పోలండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికాకు తరలిపోయిన యూదుడు. జీవనోపాధి లెక్కలు రాయడం. ఆ వైపు ప్రపంచపు మేటి ఆటగాడెవరో తేల్చుకున్నది ఒక బీమా వ్యాపారి, ఒక లెక్కల గుమాస్తా అన్నమాట. ఎదుటి పక్కన ఒక రాజ్యం ఉంది. నా జవాబు మొత్తం ఈ పోలికలోనే ఉంది.

మీ అబ్బాయి ఆడే విధానం సంగతి కూడా చెప్పాలి (అక్షరం, అంకె కలిస్తే బోర్డు మీద ఒక గడి పేరు). 1. ఇ4 సి5 2. గుర్రం ఎఫ్3 డి6 3. డి4, బంట్ల మార్పిడి తర్వాత 4. గుర్రం డి4, నల్ల గుర్రం ఎఫ్6 5. గుర్రం సి3. ఇక్కడ నల్లవాడు పావు ఏదీ బయటికి తీయకుండా ఏ6 అని అంచు బంటును ఒక గడి జరుపుతాడు. ఈ చిన్న ఎత్తు తెల్ల గుర్రాన్ని, బిషప్‌ను బి5 గడిలోకి రానివ్వదు, ముందు ముందు ఇ5కీ బి5కీ దారి వేస్తుంది. నైడార్ఫ్ దీన్ని కనిపెట్టలేదు, చెక్ ఆటగాడు ఒపొచెన్‌స్కీ అంతకు ముందే ఆడారు. పెద్ద పోటీల్లో పదేపదే ఆడి దీనికి పరువు తెచ్చినవారు నైడార్ఫ్ కనుక పేరు ఆయనకు దక్కింది.

ఈ పేరు ఆయనను ఏడిపించిన సందర్భాలూ ఉన్నాయి. 1955 గోథెన్‌బర్గ్ అర్హత పోటీలో ఒకే రోజున ముగ్గురు అర్జెంటీనావాళ్ళు, నైడార్ఫ్, పానో, పిల్నిక్, ముగ్గురు సోవియట్ ఆటగాళ్ళ మీద, కెరెస్, గెల్లర్, స్పాస్కీల మీద, నల్లపావులతో ఒకే తయారీని ఆడారు. తొమ్మిదో ఎత్తున జి5 అని బంటును తోసి, ఇ5 గడిని గుర్రానికి అట్టే పెట్టుకోవడం వాళ్ళ పథకం. తెల్లవాళ్ళు పదకొండో ఎత్తున గుర్రాన్ని ఇ6 మీద బలిచ్చారు. పదమూడో ఎత్తున గెల్లర్ తన బిషప్‌ను తీసుకెళ్ళి బి5లో పెట్టారు. ఏ6 బంటు పుట్టిందే ఏ గడిని కాయడానికో, సరిగ్గా ఆ గడిలో! ఆ బిషప్‌ను బంటు తీసుకుంటే తెల్లరాజు కోట కట్టుకోవడంతోనే ఏనుగు చెక్ పడి నల్లరాజు పని అయిపోతుంది. పక్క బోర్డుల మీద కెరెస్, స్పాస్కీ కూడా అదే ఎత్తు వేశారు, ముగ్గురు అర్జెంటీనావాళ్ళూ ఓడిపోయారు. పానో, పిల్నిక్ ఆ దెబ్బ నుంచి కోలుకుని క్యాండిడేట్స్‌కు అర్హత సంపాదించారు, నైడార్ఫ్ సంపాదించలేదు, ఆ తర్వాత ఎన్నడూ ఆ దశకు చేరలేదు. 1962 వర్నా ఒలింపియాడ్‌లో అమెరికా యువ ఆటగాడు ఫిషర్ ఈ విధానం మీదనే ఆయనను 24 ఎత్తుల్లో ఓడించారు. అదే ఫిషర్ పదేళ్ళ తర్వాత రేక్యావిక్‌లో ప్రపంచ విజేత పట్టం కోసం స్పాస్కీ మీద నల్లపావులతో దీన్నే ఆయుధంగా పట్టారు.

తర్వాతి జీవితం సుదీర్ఘమే అయినా క్లుప్తంగా చెబుతాను. అర్జెంటీనా జట్టుకు 1950, 1952, 1954 ఒలింపియాడ్‌లలో రజతాలు తెచ్చారు, వాటిలో మొదటి రెండింటిలో మొదటి బోర్డు స్వర్ణం ఆయనదే. 1962లో హవానా పోటీని స్పాస్కీ, స్మిస్లోవ్‌ల కన్నా ముందు నిలిచి గెలిచారు. 1970లో బెల్‌గ్రేడ్‌లో సోవియట్ జట్టు ఒకవైపు, తక్కిన ప్రపంచం ఒకవైపు ఆడినప్పుడు, అరవయ్యో ఏట ఉన్న నైడార్ఫ్ తొమ్మిదో బోర్డు మీద మాజీ ప్రపంచ విజేత, తనకన్నా ఇరవై ఆరేళ్ళు చిన్నవాడైన తాల్‌తో నాలుగు ఆటలాడి 2–2తో సమానంగా నిలిచారు. ఆ వయసులో ఆ ఫలితాన్ని నేను ఆయన గెలిచిన ఏ పోటీ కన్నా తక్కువగా చూడను. 1997 జూలై 4న స్పెయిన్‌లోని మలగాలో ఆయన మరణించారు, వయసు 87.

మీ అబ్బాయికి ఏ ఆటలు చూపించాలని చివర్లో అడిగారు. గ్లుక్స్‌బర్గ్ మీద ఆడిన ఆట మొదట చూపండి, పిల్లలకు అది ఎంత చూసినా తనివి తీరదు. తర్వాత 1953 మార్ దెల్ ప్లాతాలో గ్లిగోరిచ్ చేతిలో, కింగ్స్ ఇండియన్ అనే ఆరంభంలో నల్లపావుల దాడికి నైడార్ఫ్ ఓడిపోయిన ఆట, ఆ వెంటనే అదే ఏడాది జ్యూరిక్‌లో ఆ దాడినే తాను నల్లపావులతో తైమనోవ్ మీద నడిపి అందమైన ఆటకిచ్చే బహుమతి పొందిన ఆట, ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపండి. గోథెన్‌బర్గ్ ఆటలను మాత్రం పదమూడో ఎత్తు దగ్గర ఆపి, నల్లవైపు నుంచి ఏం ఆడతావని అడిగి, ఒక గంట అతణ్ణి వదిలేయండి. గుర్రాన్ని ఇ5కు తేవడం ఆ ముగ్గురూ ఆడి ఓడిన దారి. మూడేళ్ళ తర్వాత పోర్తొరోజ్‌లో గ్లిగోరిచ్ మీద పదిహేనేళ్ళ ఫిషర్ ఏనుగును హెచ్7కు జరిపి డ్రా చేసుకున్నారు. ఆ ఎత్తు అతనికి తట్టకపోయినా ఫరవాలేదు, ముందుగా మీరు మాత్రం చెప్పకండి.